భూదేవిగారి గ్రాఫిక్స్ కార్డు

ఆ శనివారం ఉదయం భూదేవిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి. పదింటికి కంప్యూటర్ల దుకాణం తెరవగానే లోపలికి వెళ్ళాలి. సంచిలో ఉన్న కాగితం తీసి బల్లమీద పెట్టి, ఇందులో ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి అనాలి. పన్నెండు కాకముందే ఇంటికొచ్చి ఉతికిన బట్టలు ఆరేసుకోవాలి. అంతే. ఇందులో ఎవరి సలహాకూ చోటు లేదు.

భూదేవి ఆవిడ అసలు పేరు కాదు. నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల ఫోను దగ్గర ఇరవై రెండేళ్ళుగా కూర్చుని, ఊరందరి తిట్లూ చెవిలో పోయించుకుని, ప్రతి ఒక్కరికీ అదే గొంతుతో "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని జవాబిస్తూ వచ్చినందుకు తోటి ఉద్యోగులు పెట్టిన పేరది. భూదేవికున్నంత ఓర్పు అని వాళ్ళ మెప్పు. నిజానికి ఆవిడకు ఓర్పు బొత్తిగా లేదు. కోపం బయటపడితే ఉద్యోగం పోతుంది కనక లోపల కూరుకునేది. పగలంతా కూరుకున్న కోపం సాయంత్రానికి కణతల దగ్గరికి చేరి సుత్తితో కొట్టేది. దానికి డాక్టరు రాసిచ్చిన మాత్రల రంగు మూడుసార్లు మారింది కానీ తలనొప్పి మారలేదు.

రెండు నెలల కిందట ఒక ఆదివారం అక్కగారింటికి వెళ్ళినప్పుడు దానికి మందు దొరికింది. ఇంజనీరింగు చదువుతున్న అక్క కూతురు కంప్యూటరు ముందు కూర్చుని ఏదో ఆట ఆడుతోంది. పాడుబడ్డ కోట, కోటలో గుహలు, గుహల్లోంచి మందలు మందలుగా రాక్షసులు. ఆడేవాళ్ళ చేతిలో ఒక గండ్రగొడ్డలి.

"పిన్నీ, ఐదు నిమిషాలు నువ్వాడు. నేను స్నానం చేసొస్తా," అని లేచింది పిల్ల.

పిల్ల స్నానం చేసి, తల ఆరబెట్టుకుని, అన్నం తిని వచ్చేసరికి పిన్ని అదే కుర్చీలో ఉంది. జుట్టుముడి ఊడిపోయింది. పళ్ళు బిగబట్టి రాక్షసుల్ని ఒక్కొక్కణ్ణే నరుకుతూ అంకెలు చదువుతోంది. "ఇదిగో ఎనిమిది వందల ఆరు. ఇదిగో తొంభై మూడు. రారా, రా, నాలుగు వందల పన్నెండూ, నీకోసమే చూస్తున్నా!"

"ఆ అంకెలేంటి పిన్నీ?"

"కుళాయి కనెక్షన్ నెంబర్లమ్మా," అంది భూదేవి, గొడ్డలి దించకుండా.

ఆ సాయంత్రం ఆవిడ మాత్ర వేసుకోలేదు. అవసరం రాలేదు.

పెళ్ళయిన నాటినుంచి ఆవిడ తనకోసమని నోరు తెరిచి అడిగి కొనుక్కున్న వస్తువు ఒక్కటీ లేదు. ఆదివారాలు అదనపు డ్యూటీలు చేసి దాచుకున్నవి మాత్రం డెబ్బై వేలున్నాయి. వాటితో ఇలాంటి కంప్యూటరు తనకూ ఒకటి కావాలంది. అక్క కూతురు సంబరపడిపోయి, ఆ డబ్బులోనే సరిపోయేలా ఏడు భాగాల జాబితా రాసిచ్చింది.

"చూడు పిన్నీ, డబ్బు తక్కువ కాబట్టి అన్నీ గొప్పవి కొనలేం. ఏది ముఖ్యమో దానికే పెట్టాలి. ఇదిగో, ఇది గ్రాఫిక్స్ కార్డు. రాక్షసుల్ని తెరమీద పరిగెత్తించేది ఇదే. సగానికి దగ్గరగా దీనికే పోతుంది. పోనీ. డబ్బా వికారంగా ఉన్నా ఫర్వాలేదు, తెర చిన్నదైనా ఫర్వాలేదు. కార్డు జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వకు. ఖర్చు తగ్గిద్దామని అందరూ దానిమీదే పడతారు."

"నేనెందుకు రానిస్తానే?"

"నీ సంగతి నాకు తెలీదా? ఎవరేమన్నా సరేనండి అంటావు. ఈసారి అనకు."

"సరేలే," అంది భూదేవి.

ఆ తర్వాత పిల్లకు పరీక్షలొచ్చాయి. పది రోజులు ఫోను కట్టేసి తల్లి చేతిలో పెట్టేసింది.

ఇక భర్తగారు. ఆయన ఫర్నిచర్ దుకాణంలో మేనేజరు. చొక్కా జేబులో కలం ఉన్నా లేకపోయినా కొలత టేపు ఉంటుంది. కంప్యూటరు మాట వినగానే ఆయన అడిగింది రెండే ప్రశ్నలు. ఎక్కడ పెడతావు, దేనికి? మొదటిదానికి హాల్లో అల్మారా పక్కన అంది. రెండోదానికి ఆటలకు అంది.

"పేకాట లాంటిదా?"

"అలాంటిదే అనుకోండి," అంది భూదేవి. గుహలూ గొడ్డళ్ళూ వివరించడానికి అప్పుడు ఓపిక లేకపోయింది. ఆ ఒక్క మాటకు ఎంత మూల్యం చెల్లించాలో ఆవిడకు తెలియదు.

దుకాణం పెద్ద వీధిలో ఒక నాలుగంతస్తుల మేడకు అడుగున ఉంది. గాజు తలుపు తోసుకుని వెళ్ళేసరికి బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి చిన్న బ్రష్షుతో ఏదో బోర్డు దుమ్ము దులుపుతున్నాడు. తలెత్తి చూశాడు.

"ఏమ్మా, ఏం కావాలి?"

భూదేవి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ "ఏమ్మా" ఆవిడకు తెలుసు. మూడేళ్ళుగా ప్రతి సోమవారం తొమ్మిదీ పదికి కుడి చెవిలో గునపంలా దిగే "ఏమ్మా" అది. బల్లమీద ఉన్న బిల్లు పుస్తకం మీద చిరునామా చూసింది. సందేహం లేదు. కనెక్షన్ నెంబరు నాలుగు వందల పన్నెండు కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా నిలబడి చిరునవ్వు నవ్వుతోంది.

"ఎండన పడి వచ్చినట్టున్నారు. కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?" అంటూ కొన్న నీళ్ళ సీసా మూత తీసి గ్లాసులో పోసిచ్చాడు.

ఫోనులో మనిషిని పీక్కుతినేవాడు బల్ల దగ్గర పాలలో తేనె కలిపినట్టు మాట్లాడుతుంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ అక్క కూతురు ధరలన్నీ ఈ దుకాణంలోవే చూసి రాసింది. మరోచోట డెబ్బై వేలకు రావు. కోపాన్ని నీళ్ళతో కలిపి మింగేసింది.

అతను జాబితా చదివి కళ్ళు పెద్దవి చేశాడు. "ఎవరు రాశారమ్మా ఇది? నిక్షేపంలా ఉంది. ఒక్క వస్తువు మార్చక్కర్లేదు. రెండు మాత్రం గిడ్డంగినుంచి రావాలి. బుధవారం అన్నీ బిగించి ఇంటికి పంపిస్తాను. అడ్వాన్సు పది వేలివ్వండి చాలు, మిగతాది సరుకు అందాక. ఫోన్ నెంబరు?"

చెప్పింది.

"ఏదైనా అడగాలంటే పగలు ఎత్తుతారా?"

ఎత్తదు. డ్యూటీలో ఉన్నంతసేపూ సొంత ఫోన్లు సొరుగులో పెట్టి తాళం వెయ్యాలని వాళ్ళ ఆఫీసులో నియమం. అందుకని రెండో నెంబరుగా భర్తది ఇచ్చింది. నమోదు చేసుకునేవాళ్ళకు ఏ వివరమైనా పూర్తిగా ఇవ్వాలని ఆవిడ నమ్మకం.

సోమవారం తొమ్మిదీ పదికి ఫోను మోగింది.

"ఏమ్మా, అసలు బతికే ఉన్నారా అక్కడ? నాలుగో అంతస్తుకి చుక్క నీళ్ళెక్కడం లేదు! మూడేళ్ళు! జీతాలు తీసుకుని ఈగలు తోలుకుంటున్నారా? ఎవరు నీ పై అధికారి? పిలు!"

ఇన్నాళ్ళూ అది మొహం లేని గొంతు. ఇప్పుడు దానికి కళ్ళజోడు వచ్చింది, బ్రష్షు వచ్చింది, గ్లాసులో పోసిచ్చిన మంచినీళ్ళు వచ్చాయి. శనివారం కూర్చోండమ్మా, సోమవారం బతికే ఉన్నారా. ఆవిడ చేతిలో పెన్సిలు రెండు ముక్కలైంది.

"మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ," అంది భూదేవి, ఎప్పటి గొంతుతోనే.

బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి హాల్లో భర్త, మరిది నిలబడి ఉన్నారు. మరిదిని చుట్టాలందరూ చాటుగా సర్వజ్ఞుడంటారు. ఏ ఉద్యోగంలోనూ ఆరు నెలలు నిలవలేదు కనక అన్ని ఉద్యోగాల గురించీ ఎంతో కొంత తెలుసు.

వాళ్ళ వెనక గోడంత తెర. దాని పక్కన అల్మారా సందులో ఇమిడిపోయిన సన్నటి తెల్లటి డబ్బా. డబ్బా పక్క అద్దంలోంచి ఎరుపు, ఊదా, పచ్చ లైట్లు సర్కస్ డేరాలా వెలిగి ఆరుతున్నాయి.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త, టేపు ఝళిపిస్తూ. "సందు ఎనిమిది అంగుళాలు. డబ్బా ఏడున్నర. తయారుచేయించినట్టు కుదిరింది!"

"జాబితాలో పెద్ద నల్ల డబ్బా కదండీ రాసింది?"

"షాపతను ఫోన్ చేశాడు, నల్లది అయిపోయిందని. పెద్దది కావాలా, సన్నది కావాలా అంటే సన్నదన్నాను. ఇంట్లో వస్తువు అందంగా ఉండాలోయ్. ఇక ఆ తెర చూశావా? నీ డెబ్బై వేలల్లోనే! ఒక్క ఫోను కాల్‌తో సాధించా. ఎలాగో అడక్కు. బేరమనేది అందరికీ చేతకాదు."

భూదేవి "సరేనండి" అనబోయి నాలిక కరుచుకుంది. ముందు ఆట చూద్దాం అనుకుంది. మరిది ఆట ఎక్కించాడు. కోట కనిపించింది. గుహ కనిపించింది. గుహలోంచి మొదటి రాక్షసుడు బయటికి వచ్చాడు. రావడమంటే, ఒక కాలు ముందుకు వేశాడు. కాసేపటికి రెండో కాలు వేశాడు. భూదేవి గొడ్డలి ఎత్తింది. అది దిగేలోపు లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని రావచ్చు. ఇరవై నిమిషాల్లో ఒక్క రాక్షసుడు కూడా చావలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా మెల్లగా నడుస్తూ, ఆగుతూ, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు.

తలనొప్పి మొదలైంది. అదీ ఆటవల్లే.

మరిది మరలు విప్పి డబ్బాలోకి తొంగి చూశాడు. ఒక క్షణం అతని మొహం పాలిపోయింది. వెంటనే సర్దుకుని గొంతు పెంచాడు. "వదినా, ఘోరం! ఇందులో కార్డే లేదు! షాపువాడు మిమ్మల్ని నిలువునా ముంచాడు!"

"బిల్లుంది కదరా, ఇంకా కార్డెందుకు?" అన్నాడు భర్త. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

భూదేవి బిల్లు తీసి చూసింది. కార్డు లేదు. దాని చోట గోడంత తెర ఉంది. అప్పుడు ఆవిడకు అంతా అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. నాలుగు వందల పన్నెండు తన గొంతు గుర్తుపట్టాడు. మూడేళ్ళ నీళ్ళ కక్ష ఇలా తీర్చుకున్నాడు. లోకం తెలియని ఈయనకు పెద్ద తెర ఎరగా చూపించి, తన కార్డు నొక్కేశాడు. మంచినీళ్ళు ఇచ్చిన చేత్తోనే గొంతు కోశాడు.

గురువారం ఆవిడ ఇరవై రెండేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టింది.

"పద," అంది మరిదితో.

"నేనెందుకులే వదినా, నాకు పదకొండింటికి ఒకళ్ళని కలవాల్సి..."

"మోసం కనిపెట్టింది నువ్వే కదా. వచ్చి అతని మొహం మీద చెప్పు."

టాక్సీలో డబ్బాను జ్వరం వచ్చిన పిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా బిల్లే చదువుకుంది. మరిది మాత్రం రెండుసార్లు, సిగ్నల్ పడినప్పుడల్లా, ఇక్కడ దిగిపోతానన్నాడు.

దుకాణంలో అప్పటికే ముగ్గురు నలుగురు ఉన్నారు. భూదేవి డబ్బాను బల్లమీద దించింది.

"రండమ్మా. ఎలా ఉంది కంప్యూటరు?" అన్నాడు దుకాణదారు.

ఇరవై రెండేళ్ళుగా మూత బిగించిన కుక్కరది. ఒక్కసారిగా పేలింది.

"ఎలా ఉందా? అడగడానికి నోరెలా వచ్చిందయ్యా నీకు? నీ పేరేంటి? నీ పై అధికారి ఎవరు? పిలు! నువ్వే యజమానివా? అయితే నీ పైన ఎవరూ లేరనా ఈ పొగరు? డబ్బులు తీసుకుని ఈగలు తోలుకుంటున్నారా? ఎన్నిసార్లు చెప్పాలి? మనిషన్నవాడికి చెబితే ఒక్కసారికే అర్థమవుతుంది! మేం మనుషుల్లా కనిపించడం లేదా? రాసి పెట్టుకో, నేను పేపర్లో వేయిస్తా! నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!"

తిట్టు వెనక తిట్టు తన్నుకొస్తోంది. ఆవిడ వాటికోసం వెతుక్కోవాల్సిన పని లేదు. ఊరంతా కలిసి ఇన్నేళ్ళూ చెవిలో పోసిన సరుకే అది. ఏ వీధివాళ్ళు ఏది అన్నారో కూడా గుర్తుంది. ఆ వరదలో తాను ఏ విషయం మీద వచ్చిందో కొట్టుకుపోయింది. బల్ల గుద్ది ఆఖరి మాట కూడా అనేసింది.

"నాలుగో అంతస్తుకి చుక్క నీళ్ళెక్కడం లేదు! మూడేళ్ళు!"

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"నీళ్ళ సంగతెందుకు వదినా? కార్డు గురించి అడగండి," అని గొణిగాడు మరిది.

దుకాణదారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా," అన్నాడు మెల్లగా, "ఆ ఆఖరి మాట నాది."

భూదేవి బల్ల గుద్దిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ప్రతి సోమవారం నేననే మాట. ఒక్క అక్షరం తేడా లేదు. మీరు... ఆ ఫిర్యాదుల ఫోనులో..." అతని మొహం ఎర్రబడింది. తర్వాత తెల్లబడింది. "సరే, ఆ సంగతి తర్వాత. ముందు మీ సంగతి వినండి. కార్డు నేను తియ్యలేదు. తియ్యమంటే తీశాను. మా ఫోన్లో మాటలన్నీ రికార్డవుతాయి."

ఫోను తీసి ఏదో నొక్కి బల్లమీద పెట్టాడు. భర్తగారి గొంతు ఖంగుమంది.

"సన్నదే ఇవ్వండి. సందు ఎనిమిది అంగుళాలు."

"అలాగే సర్. కానీ ఆ సన్నదాంట్లో కార్డు పట్టదండీ. మరి కార్డు తీసెయ్యమంటారా?"

"తీసెయ్యండి, తీసెయ్యండి. మాకు కార్డులంటే మొదట్నుంచీ పడదు. నగదే ఇస్తాం."

"అది కాదు సర్, కార్డు లేకపోతే అమ్మగారికి ఇబ్బందేమో?"

"ఆవిడకి అసలు కార్డు వాడడమే రాదండీ! ఎప్పుడో ఒకసారి ఏటీఎం మెషిన్లో ఇరికించి వచ్చింది."

కాగితం తిరగేసిన చప్పుడు. దుకాణదారు ఆలోచనలో పడ్డట్టుంది.

"మీ ఇష్టం సర్. కార్డు వద్దంటే ఇరవై ఎనిమిది వేలు తగ్గుతుంది."

"నగదైతే ఇరవై ఎనిమిది వేలు తగ్గిస్తారా! ఇంత మంచిమాట ముందే చెప్పాలి కదండీ! అయితే ఆ డబ్బుకి పెద్ద తెర ఇచ్చెయ్యండి. మా ఆవిడకి మాత్రం చెప్పకండి, ఆశ్చర్యపోవాలి."

దుకాణంలో ఎవరో ఫక్కుమన్నారు. భూదేవి అటు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నాకు అనుమానం వచ్చి మర్నాడు మళ్ళీ చేశానమ్మా," అన్నాడు దుకాణదారు. "కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇవ్వమన్నాను." రెండో రికార్డింగు నొక్కాడు.

"హలో, నేను వాళ్ళ తమ్ముణ్ణి. ఈ లైన్లో ఇంజనీర్ననుకోండి. కార్డు తీసేశారా? మంచి పని చేశారు. అది ప్రాసెసర్లోనే ఉంటుంది, ఈ వయసులో వదినకి వేరే ఎందుకు, దండగ. లైట్లున్న ర్యామ్ వెయ్యండి. ఎరుపు, ఊదా ఉండాలి."

భూదేవి నెమ్మదిగా తల తిప్పింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ మరిది గాజు తలుపు ఎటు తెరుచుకుంటుందో మరిచిపోయి, లాగాల్సింది తోసి, తోయాల్సింది లాగి, చివరికి ఎలాగో వీధిలో పడ్డాడు.

ఆవిడ బల్లవైపు తిరిగింది. క్షమించమని అడుగుదామనుకుంది. నోరు మాత్రం అలవాటైన దారినే పోయింది.

"కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"అయ్యో, ఆ మాట అనకండమ్మా," అన్నాడు అతను చేతులు అడ్డం పెట్టి. "ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది." మళ్ళీ అతనే సిగ్గుపడ్డాడు. "మూడేళ్ళుగా నేను తిట్టింది మిమ్మల్నేనా?"

"నన్నే."

"ఒక్కసారైనా తిరిగి అనలేదేం?"

"అనకూడదు. నమోదు చేసి పై అంతస్తుకి పంపడం వరకే నా పని. వాళ్ళు చెయ్యకపోతే తిట్లు నాకు."

"నాదీ అంతే కదమ్మా. బిగించమన్నవి బిగిస్తాను. ఇంట్లోవాళ్ళు మార్చుకుంటే తిట్లు నాకు." కళ్ళజోడు సర్దుకుని అన్నాడు, "మా ఇల్లు ఈ మేడ పైనే. అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు. నాలుగంతస్తులూ బిందెలు నేనే మోస్తాను. మోసి మోసి సోమవారానికి ఆ నోరు అలా అయిపోతుంది."

భూదేవి కప్పు వైపు ఒకసారి చూసింది. అంతసేపూ అతనిమీద ఉన్న కోపం తగ్గలేదు, కాస్త జరిగింది. వెళ్ళాల్సిన చోటు తెలిసిన కోపం వేరుగా ఉంటుంది.

తెర, సన్న డబ్బా వెనక్కి తీసుకుని, కార్డు, నల్ల డబ్బా శనివారానికి తెప్పిస్తానన్నాడు. లైట్లున్న ర్యామ్ మాత్రం వెనక్కి పోదు. ఎరుపూ ఊదా ఉంటాయి. ఉండనీ అంది.

ఆ సాయంత్రం భర్తగారు టేపు జేబులో వేసుకుని హుషారుగా ఇంటికొచ్చాడు. సందు ఖాళీగా ఉంది.

"ఏదోయ్ డబ్బా?"

"కూర్చోండి."

"ముందు కాఫీ..."

"కూర్చోండి!"

ఆయన కూర్చున్నాడు. కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చోవడం ఆ వృత్తిలోకి వచ్చాక అదే మొదటిసారి.

"కార్డంటే ఏంటో తెలుసా మీకు?"

"డబ్బు కట్టేది."

"కాదు. రెండేళ్ళు ఆదివారాలు పనిచేసి దాచింది నేను దానికి పెట్టాను. మీరు దాన్ని కొలిచి, పట్టలేదని తీసి పారేశారు. నన్నడిగారా? పెళ్ళైన కొత్తలో కిటికీ పక్కన నా కుట్టుమిషన్ ఉండేది. అందంగా లేదని అటక ఎక్కించారు. సరేనండి అన్నాను. నా బీరువా మీ తమ్ముడికిచ్చారు. సరేనండి అన్నాను. ఈ ఇంట్లో ప్రతిదానికీ కొలతుంది. నాకెంత చోటు కావాలో ఎప్పుడైనా టేపు పెట్టి చూశారా?"

గంటా పావు మాట్లాడింది. సంవత్సరాల వారీగా, తారీకులతో సహా చెప్పింది. ఫిర్యాదులు నమోదు చెయ్యడంలో ఆవిడకు సాటి లేదు.  చివరికి ఆయన చిన్న గొంతుతో అన్నాడు.

"ఇవన్నీ ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"సరేనండి అన్నప్పుడల్లా నా మొహం చూసుంటే తెలిసేది."

ఆయన చాలాసేపు టేపు చివర లాగుతూ వదులుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, నిచ్చెన వేసుకుని, అటక మీంచి కుట్టుమిషన్ దించి కిటికీ పక్కన పెట్టాడు. కొలవకుండా పెట్టాడు. తలుపు సగమే తెరుచుకుంది. ఆవిడ అలాగే ఉండనిమ్మంది.

శుక్రవారం ఆఫీసుకు వెళ్ళగానే భూదేవి ఫోను దగ్గరికి వెళ్ళలేదు. మెట్లెక్కింది. పై అంతస్తులో ఇంజనీరుగారు చెవిలో పుల్ల తిప్పుకుంటూ ఉన్నాడు. బల్లమీద నూట యాభై ఆరు కాగితాలు పెట్టింది. మూడేళ్ళ సోమవారాలు.

"ఇవన్నీ ఒకే మనిషివా?" అన్నాడాయన.

"కాదు. తిట్టింది ఒకరు, తిన్నది ఒకరు. మీ వంతు ఇవాళ మొదలు."

కింది అంతస్తులో మిగతా ఫోన్లవాళ్ళందరూ ఆ తర్వాత మొదలైన ఆవిడ అరుపులు విని కప్పు వైపు చూశారు. భూకంపమేమో అని ఒకావిడ బల్లకింద కూడా దూరింది. మధ్యాహ్నానికల్లా మనుషులు పెద్ద వీధికి వెళ్ళి చూస్తే, ఎప్పుడో మరమ్మతుకని సగం మూసిన వాల్వు తెరవడం మరిచిపోయారని తేలింది. తెరవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

శనివారం నల్ల డబ్బా వచ్చింది. వికారంగా, పెద్దగా, ఎరుపూ ఊదా లైట్లతో హాలు మధ్యలో కూర్చుంది. తెర చిన్నది. రాక్షసులు మాత్రం చిరుతల్లా దూకారు. దూకినవాళ్ళు దూకినట్టే తెగిపడ్డారు. భూదేవికి ఆ వారం మాత్రల డబ్బా ఎక్కడ పెట్టిందో కూడా గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో రోజులు మారాయి. ఆవిడ నోటికి కొత్త మాటలు అలవాటయ్యాయి. కూరలో ఉప్పు తక్కువైందంటే "వేసుకోండి" అంది. తమ్ముడికి డబ్బు సర్దుదామంటే "వద్దు" అంది. ఆదివారం నలుగురు స్నేహితుల్ని భోజనానికి పిలిచానంటే "వంట ఎవరు చేస్తున్నారు?" అంది. భర్తగారికి ఎదురుచెప్పే అలవాటు లేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు మరి. అన్నీ లోపలే ఉంచుకున్నాడు. నెల తిరిగేసరికి సాయంత్రాలు కణతలు నొక్కుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు చిన్నగా అడిగాడు. "ఒక్క అరగంట నేనాడతానోయ్."

"ఇది నాది," అంది ఆవిడ, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

మర్నాడు మధ్యాహ్నం ఆయన తన దుకాణంలో బీరువాల వెనక్కి వెళ్ళి, గొంతు తగ్గించి, కంప్యూటర్లాయనకు ఫోను చేశాడు. అలాంటిదే ఇంకొకటి కావాలన్నాడు. ఎవరికని అడిగితే, ఒక దూరపు బంధువుకన్నాడు. తర్వాత, తనకే అన్నాడు. గొడ్డలి మాత్రం బాగా పనిచెయ్యాలన్నాడు.

"అలాగే సర్. పెద్ద కార్డే వేస్తాను. ఏదైనా భాగం దొరక్కపోతే ఎవరికి ఫోన్ చేసి అడగమంటారు?"

భర్తగారు జేబులో టేపు తడుముకున్నాడు.

"మా ఆవిడకి చెయ్యండి," అన్నాడు.

దుకాణదారు ఆ రికార్డింగును రెండు చోట్ల భద్రం చేసుకున్నాడు.